చీకట్లో సైకిలు ప్రయాణం: మీ దారికి సరిపోయే లైట్లు ఎంచుకోవడం ఎలా

డిసెంబరులో హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నరకల్లా పూర్తిగా చీకటి పడిపోతుంది. తొమ్మిది నుంచి ఆరు దాకా ఆఫీసు చేసేవాళ్లు సైకిలు మీద ఇంటికి రావాలంటే నాలుగు నెలలపాటు తిరుగు ప్రయాణమంతా చీకట్లోనే. పొద్దున్నే పేపర్లు వేసేవాళ్లకు, నైట్ డ్యూటీ దిగి వెళ్లే వాచ్‌మన్లకు, హోటళ్లు మూసేశాక ఇంటికి బయలుదేరేవాళ్లకు ఏడాది పొడవునా అంతే. లైటు కొనాలనుకుని ఆన్‌లైన్‌లో వెతికితే మూడు వందల రూపాయల దగ్గర మొదలై పదిహేను వేల దాకా కనిపిస్తాయి. అందులో మూడు వందల లైటు మీదే పెద్ద అక్షరాలతో '10,000 ల్యూమెన్లు' (లైటు ఇచ్చే వెలుగుకు కొలత) అని రాసి ఉంటుంది. దేన్ని నమ్మాలో అర్థం కాక చాలామంది అక్కడే ఆగిపోతారు.

నా సలహా ఒక్కటే. లైటు మీది అంకెను పక్కన పెట్టండి. మీరు రోజూ వెళ్లే దారిలో అన్నిటికంటే చీకటిగా ఉండే ముక్క ఏదో గుర్తించి, దాన్ని బట్టి కొనండి. కింద చెప్పేదంతా ఆ పని ఎలా చేయాలన్నదే.

ముందుగా మీ దారిని రాత్రిపూట చూడండి

కొనడానికి ముందు ఒకసారి బైకు మీదో ఆటోలోనో, మీరు సైకిలు మీద వచ్చే వేళకే ఆ దారిలో వెళ్లి రండి. పగలు బాగా తెలిసిన రోడ్డు రాత్రి వేరేగా ఉంటుంది. ఈ విషయాలు గమనించండి: వీధి దీపాలు ఎక్కడ ఆగిపోతున్నాయి, ఎక్కడ స్తంభాలున్నా వెలగడం లేదు, ఫ్లైఓవర్ కింద, మెట్రో పిల్లర్ల పక్కన నీడ ఎంత దట్టంగా ఉంది, తెల్ల పెయింటు చెరిగిపోయిన స్పీడ్ బ్రేకర్లు ఎక్కడున్నాయి, రాంగ్ రూట్‌లో బైకులు ఎక్కడ ఎదురొస్తున్నాయి, పార్కింగ్ లైట్లు లేకుండా లారీలు ఎక్కడ ఆగి ఉంటున్నాయి.

పట్టణం దాటితే ప్రమాదాలు మారతాయి. కోతల కాలంలో రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ బండరాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. గేదెలు రోడ్డు దాటుతుంటాయి. చెరకు ట్రాక్టర్ల వెనక ఎర్ర లైటు ఉంటుందన్న నమ్మకం లేదు. ఇలాంటి రోడ్డుకూ, మాదాపూర్‌లో దీపాల వెలుగులో సాగే రోడ్డుకూ ఒకే లైటు సరిపోదు.

ఇలా చూసి వచ్చాక మీ దారి మూడింటిలో ఏదో తేలిపోతుంది. మొదటిది, మొత్తం వీధి దీపాలున్న దారి. రెండోది, ఎక్కువ భాగం వెలుగుండి మధ్యలో అరకిలోమీటరో కిలోమీటరో చీకటిగా ఉండేది. మూడోది, పూర్తి చీకటి. మన ఊళ్లలో ఎక్కువమందిది రెండో రకం. వాళ్లు ఆ చీకటి ముక్క కోసమే లైటు కొనాలి, ఎందుకంటే గుంతలో పడేది అక్కడే.

డబ్బులు తక్కువైతే ముందు వెనక లైటు కొనండి

చాలామంది డబ్బంతా ముందు లైటుకు పెట్టి, వెనక ఏదో చిన్నది తగిలించుకుంటారు. నేను దీన్ని తిరగేసి చెబుతాను. ముందు నుంచి వచ్చేది మీకు కనిపిస్తుంది, పక్కకు తప్పుకోగలరు, బ్రేకు వేయగలరు. వెనక నుంచి వచ్చే కారు విషయంలో మీ చేతిలో ఏమీ ఉండదు. ఆ డ్రైవరు మిమ్మల్ని చూడాలి, అంతే. వెనక లైటు లేకుండా చీకటి రోడ్డు ఎక్కవద్దు.

రాత్రి పూట వెనక లైటుకు 20 నుంచి 50 ల్యూమెన్లు చాలు. అంతకన్నా ఎక్కువైతే వెనక వచ్చే బైకువాళ్ల కళ్లలో పొడుస్తుంది. 100 దాటిన మోడ్ పగటి కోసం, వాన కోసం, పొగమంచు కోసం ఉంచుకోండి. ల్యూమెన్ల కంటే ముఖ్యంగా చూడాల్సింది వెలుగు ఎంత వెడల్పుగా పడుతుందని. కొన్ని లైట్లు నేరుగా వెనక నిలబడితే మెరిసిపోతాయి, రెండడుగులు పక్కకు జరిగితే ఆరిపోయినట్టే ఉంటాయి. షాపులో లైటు వెలిగించి టేబుల్ మీద పెట్టి, దాని చుట్టూ తిరిగి చూడండి. పక్క నుంచి కూడా ఎర్రగా కనిపించాలి. సందులోంచి రోడ్డెక్కే కారు డ్రైవరుకు మీరు కనిపించేది ఆ పక్క వెలుగుతోనే.

మిణుకుమిణుకుమనే మోడ్ పెట్టాలా, నిలకడగా వెలిగేది పెట్టాలా? మెరిసే లైటు కంటిని త్వరగా పట్టుకుంటుంది. కానీ మీరు ఎంత దూరంలో ఉన్నారో, ఎంత వేగంతో పోతున్నారో దాన్ని చూసి అంచనా వేయడం కష్టం. అందుకే వీలైతే రెండు పెట్టండి: ఒకటి సీటు రాడ్‌కు నిలకడగా, ఇంకోటి హెల్మెట్ వెనకో బ్యాగుకో మెరుస్తూ. ఒక్కటే ఉంటే, పూర్తిగా ఆరి వెలిగే మోడ్ కాకుండా, సన్నగా వెలుగుతూనే మధ్యమధ్యలో గట్టిగా మెరిసే మోడ్ ఉన్నది ఎంచుకోండి. జర్మనీలో అయితే సైకిలుకు మెరిసే లైటును నిబంధనలు ఒప్పుకోవు. బ్రిటన్‌లో 2005 నుంచి ఒప్పుకుంటున్నారు.

పగలు కూడా వెలిగించి ఉంచడం వృథా కాదు. డెన్మార్క్‌లోని ఓడెన్స్ నగరంలో 2004-05లో దాదాపు 3,800 మంది సైకిలిస్టులతో ఏడాదిపాటు పరీక్ష చేశారు. కొందరి సైకిళ్లకు ఎప్పుడూ వెలుగుతూ ఉండే లైట్లు బిగించారు. వాళ్లకు గాయాలైన ప్రమాదాలు మిగతావాళ్లకంటే 19 శాతం తక్కువగా నమోదయ్యాయి. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులు, స్కూటర్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండేలా చేసింది కూడా ఇలాంటి కారణంతోనే.

ముందు లైటు: ల్యూమెన్ల కంటే వెలుగు ఎక్కడ పడుతుందన్నది ముఖ్యం

ల్యూమెన్ అంటే లైటులోంచి బయటికొచ్చే మొత్తం వెలుగు. అందులో రోడ్డు మీద పడేదెంత, చెట్ల మీద, ఎదుటివాడి కళ్లలో పడేదెంత అన్నది ఆ అంకె చెప్పదు. లక్స్ అన్నది ఒక చోట ఎంత వెలుగు పడుతోందో చెప్పే కొలత. అందుకే జర్మనీ నిబంధనలు లక్స్‌నే లెక్కలోకి తీసుకుంటాయి. అక్కడ అనుమతి పొందిన సైకిలు లైటు వెలుగు పై అంచు, కత్తితో కోసినట్టు ఒక గీత దగ్గర ఆగిపోతుంది. వెలుగంతా గీత కింద రోడ్డు మీదే పడుతుంది, ఎదుటివాళ్ల ముఖం మీదికి పోదు. కారు లో బీమ్ కూడా ఇదే పద్ధతి.

మన రోడ్ల మీద ఈ గీత ఎంత అవసరమో మాటల్లో చెప్పలేను. ఎదురుగా హై బీమ్‌తో వచ్చే బైకు కళ్లలో కొడితే రెండు మూడు సెకన్లు మనకేమీ కనిపించదు. మన గుండ్రటి టార్చిలాంటి లైటు కూడా ఎదుటివాడికి అదే చేస్తుంది. ఇరుకు రోడ్డు మీద కళ్లు బైర్లు కమ్మిన మనిషి బండి ఎటు పోతుందో చెప్పలేం. అది మన మీదికే రావచ్చు. అందుకే 1,000 ల్యూమెన్ల టార్చి కంటే గీత ఉన్న 400 ల్యూమెన్ల లైటు రోడ్డుకు మేలు. కొనేటప్పుడు గోడ మీద వేసి చూడండి. గుండ్రటి మచ్చ పడితే అది టార్చి. పైన సమంగా ఆగిపోయి కింద వెడల్పుగా పరుచుకుంటే అది రోడ్డు కోసం చేసిన లైటు. గీత ఉన్నవి మన మార్కెట్లో తక్కువే దొరుకుతాయి, వెతకాలి. దొరకకపోతే మామూలు లైటునే కిందికి గురి పెట్టి వాడుకోవచ్చు. ఆ పద్ధతి తర్వాత చెబుతాను.

ఎంత వెలుగు కావాలన్నది వేగం మీద ఆధారపడి ఉంటుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు అయిదున్నర మీటర్లు పోతారు. గుంతను చూసి, చేయి బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే ఎనిమిది మీటర్లు అప్పటికే అయిపోయాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో అయిదు మీటర్లు. మొత్తం 13 మీటర్లు. 25 కిలోమీటర్ల వేగంలో అదే లెక్క 18 మీటర్లు దాటుతుంది. తడి రోడ్డు మీద, అరిగిన బ్రేకు రబ్బర్లతో ఇంకా ఎక్కువ. అంటే మీ లైటు కనీసం 20 మీటర్ల ముందున్న గుంతను చూపించాలి.

దీన్ని బట్టి చూస్తే మొదటి రకం దారికి 100 నుంచి 200 ల్యూమెన్లు చాలు. అక్కడ లైటు పని మిమ్మల్ని ఇతరులకు చూపించడమే. రెండో రకానికి 300 నుంచి 400 ఉండాలి. పూర్తి చీకటికి 500 నుంచి 800. అంతకు మించినవి అడవి దారుల్లో, కొండల్లో తొక్కేవాళ్లవి. ఇంటికీ ఆఫీసుకీ మధ్య వాటి అవసరం రాదు.

పొగమంచులో మాత్రం వెలుగు పెంచితే పని చెడుతుంది. సంక్రాంతి ముందు రోజుల్లో పొలాల మధ్య రోడ్డు మీద తెల్లవారుజామున హై మోడ్ పెడితే ఎదురుగా తెల్లటి గోడే కనిపిస్తుంది. మంచు బిందువులు వెలుగును తిరిగి మన కళ్లలోకే కొడతాయి. అప్పుడు మోడ్ తగ్గించి, లైటును ఇంకాస్త కిందికి వంచి, వెనక లైటును గట్టి మోడ్‌లో పెట్టి, వేగం తగ్గించాలి. హెల్మెట్‌కు కట్టుకునే లైటు మంచులో ఇంకా ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే దాని వెలుగు కంటి పక్క నుంచే బయలుదేరుతుంది.

డబ్బా మీది అంకెలు నిజమో కాదో లెక్క వేసుకోండి

ఇది అయిదు నిమిషాల పని, డబ్బు బాగా మిగులుతుంది.

ఎక్కువ లైట్లలో ఉండేది 18650 అనే సెల్. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, అందుకే ఆ పేరు. అసలైన 18650 సెల్ సామర్థ్యం మామూలుగా 2,000 నుంచి 3,500 ఎంఏహెచ్ మధ్యలో ఉంటుంది. ఒక్క సెల్ మీద 6,800 అనో 9,900 అనో రాసి ఉంటే అది అబద్ధం. అబద్ధం రాసిన సెల్‌లో వేడెక్కినప్పుడు కాపాడే ఏర్పాటు ఉంటుందని కూడా నమ్మలేం. అలాంటిది కొనవద్దు.

ఇక టైము లెక్క. 3,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణిస్తే సుమారు 11 వాట్-అవర్లు. మంచి లైటు ఒక వాట్‌కు దాదాపు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకోండి. 400 ల్యూమెన్లకు నాలుగు వాట్లు, అంటే రెండున్నర, రెండు ముప్పావు గంటలు వెలుగుతుంది. 1,000 ల్యూమెన్లు అయితే గంట. 'ఒక సెల్, 1,000 ల్యూమెన్లు, ఆరు గంటలు' అని రాసి ఉంటే ఆ మూడింటిలో ఒకటి తప్పు. ఎక్కువగా జరిగేదేంటంటే 1,000 అన్నది హై మోడ్‌ది, ఆరు గంటలు అన్నది లో మోడ్‌ది. మోడ్‌కు ఎన్ని గంటలో విడివిడిగా పట్టికలో రాసే కంపెనీని నమ్మవచ్చు.

మీ చీకటి ప్రయాణం ఎంతసేపో చూసుకుని, దానికి కనీసం రెండింతలు వెలిగే మోడ్‌ను లెక్కలోకి తీసుకోండి. సెల్ పాతబడేకొద్దీ టైము తగ్గుతుంది. ఒకరోజు చార్జింగ్ మర్చిపోతే తిరుగు ప్రయాణం కూడా దాంతోనే నడవాలి.

చార్జింగ్ పిన్ను యూఎస్‌బీ-సీ ఉన్నదే తీసుకోండి, ఫోన్ చార్జరుతోనే పని అయిపోతుంది. బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించే గుర్తు తప్పనిసరిగా ఉండాలి. చివర్లో ఒక్కసారిగా ఆరిపోకుండా సన్నని వెలుగుకు తగ్గే లైటయితే ఇంకా మంచిది. సెల్ విప్పి మార్చుకునే వీలుంటే ఆ లైటు ఎక్కువ ఏళ్లు వస్తుంది.

డైనమో సంగతి కూడా చెప్పాలి. పాత రోజుల్లో టైరుకు ఆనించి తిప్పే డైనమో అందరికీ తెలిసిందే. 6 వోల్టులు, 3 వాట్లు, తొక్కడం బరువు, సైకిలు ఆపితే లైటు ఆరిపోవడం. ఇప్పటి డైనమోలు ముందు చక్రం హబ్‌లోనే ఉంటాయి, తొక్కుతుంటే బరువు తెలియదు. సైకిలు ఆగాక కూడా ఎల్‌ఈడీ లైట్లు కొన్ని నిమిషాలు వెలుగుతాయి. చార్జింగ్ అన్న ఆలోచనే ఉండదు. ఖరీదు ఎక్కువ, చక్రం మళ్లీ కట్టించాలి. రోజూ, చాలా ఏళ్లు, చీకట్లోనే తొక్కాలని తెలిసినవాళ్లకు అంతకంటే మంచి ఏర్పాటు లేదు.

వాన, దుమ్ము

లైటు నీటికి ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్. ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచి పడే చినుకులకు తట్టుకుంటుందని. మామూలు వానకు అది చాలు. జులై, ఆగస్టు వానల్లో కూడా తొక్కేవాళ్లు ఐపీఎక్స్6 చూడండి, అది గట్టి నీటి ధారకు ఆగుతుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా ఫరవాలేదని. ఎక్స్ ఉన్నచోట దుమ్ము పరీక్ష సంగతి చెప్పలేదని అర్థం. అక్కడ 6 ఉంటే దుమ్ము లోపలికి అసలు పోదు. చార్జింగ్ పిన్ను మీది రబ్బరు మూతే ఎప్పుడూ ముందు పాడయ్యేది. అది వదులుగా ఉన్న లైటు ఎంత మంచిదైనా వద్దు. తడిసిన లైటును పిన్ను ఆరాకే చార్జింగ్ పెట్టండి.

బిగించడం, గురి పెట్టడం

ముందు లైటును గుంతల రోడ్డు మీద తొక్కినా కిందికి జారకుండా గట్టిగా బిగించాలి. హ్యాండిల్ సన్నగా ఉంటే పాత ట్యూబు ముక్క ఒకటి కోసి కింద చుట్టండి, లైటు కదలదు. ముందు బుట్ట ఉన్న సైకిలుకు హ్యాండిల్ మీద పెడితే వెలుగంతా బుట్టలోని టిఫిన్ బ్యాగు మీద పడుతుంది. దానికి బుట్ట ముందు అంచున గానీ ఫోర్కు దగ్గర గానీ పెట్టాలి.

ఇప్పుడు గురి. చీకటి పడ్డాక సైకిలును గోడకు అయిదు మీటర్ల దూరంలో, నేరుగా నిలబెట్టండి. లైటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. 90 సెంటీమీటర్లు ఉందనుకుందాం. గోడ మీద వెలుగు మధ్యభాగం 60 సెంటీమీటర్ల ఎత్తులో పడేలా లైటును వంచండి. అప్పుడు ఆ వెలుగు మధ్యభాగం రోడ్డును 15 మీటర్ల దూరంలో తాకుతుంది, దాని పైభాగం ఇంకాస్త ముందుకు పోతుంది. గీత ఉన్న లైటయితే ఆ గీత లైటు ఎత్తుకు కొంచెం కిందుగా పడితే సరిపోతుంది. ఆ స్థానంలో హ్యాండిల్ మీద పెయింటుతో చిన్న గుర్తు పెట్టుకోండి, రోజూ తీసి పెట్టినా మళ్లీ కొలవక్కర్లేదు.

వెనక లైటు సీటు రాడ్‌కు పెట్టి, నేలకు సమాంతరంగా వెనక్కి చూసేలా ఉంచండి. సగం సైకిళ్ల మీద అది ఆకాశాన్నో నేలనో చూస్తుంటుంది. క్యారియర్ మీద సామాను పెట్టేవాళ్లు, పొడవాటి రెయిన్‌కోటు వేసుకునేవాళ్లు లైటును క్యారియర్ వెనక అంచుకు మార్చాలి. లేకపోతే అది వెలుగుతున్నట్టు మీకు తెలుస్తుంది గానీ వెనకవాళ్లకు కనిపించదు.

అంతా బిగించాక ఇంట్లోవాళ్లనో స్నేహితుడినో సైకిలు ఎక్కించి, వీధి చివరిదాకా పంపి మీరు వెనక నుంచి, పక్క నుంచి, ఎదురుగా చూడండి. కళ్లలో కొడుతుందా, సామాను అడ్డొస్తుందా అన్నది అప్పుడే తేలుతుంది.

రేడియం స్టిక్కర్లు

బండ్లకు నంబరు ప్లేట్లు రాసే ఏ రేడియం షాపులోనైనా ముక్కలు కోసి ఇస్తారు. తెలుపు ముందుకు, ఎరుపు వెనక్కి, పసుపు పక్కలకు. మడ్‌గార్డు వెనక, ఫోర్కు మీద, చక్రాల రిమ్ముల మీద అంటించండి. అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేవి పెడల్స్ మీద, పెడల్ రాడ్ల మీద, మీ చీలమండల దగ్గర ఉండేవి. అవి పైకీ కిందికీ కదులుతుంటాయి కాబట్టి అక్కడున్నది సైకిలు తొక్కే మనిషని డ్రైవరుకు వెంటనే తెలిసిపోతుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు రాత్రిపూట డ్రైవర్లతో పరీక్షించి చూశారు. మెరిసే జాకెట్‌తోపాటు మోకాళ్లు, చీలమండల దగ్గర మెరిసే పట్టీలు కట్టుకున్నవాళ్లను డ్రైవర్లు, ఒక్క జాకెట్ మాత్రమే వేసుకున్నవాళ్లకంటే బాగా గుర్తుపట్టారు.

అయితే రేడియం సొంతంగా వెలగదు. బండి లైటు నేరుగా పడితేనే మెరుస్తుంది. పక్క సందులోంచి వచ్చే కారు లైట్లు మీ మీద పడేసరికి ఆలస్యం అయిపోతుంది. హెడ్‌లైటు లేని ట్రాక్టరుకు మీరు కనిపించనే కనిపించరు. కాబట్టి అది లైటుకు తోడే. సైకిలుతోపాటు వచ్చిన రిఫ్లెక్టర్లు ఊడిపోతే వదిలేయకండి. వాటి నాణ్యత మీద కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చింది.

రోజువారీ జాగ్రత్తలు

సైకిలు స్టాండులో లైట్లు వదిలేసి వెళ్తే పోతాయి, తీసి బ్యాగులో పెట్టుకోండి. వారంలో రెండు రోజులు ఖాయం చేసుకుని ఆ రాత్రుల్లో చార్జింగ్ పెట్టండి. బ్యాగు అడుగున ఒక చిన్న లైటు ఎప్పుడూ ఉంచండి. దారిలో వెనక లైటు ఆరిపోతే పని చేస్తుంది. ముందు లైటు ఆరితే దిగి, ఫోన్ టార్చి చేతిలో పట్టుకుని, రోడ్డు పక్కగా నడవండి. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని తొక్కడం చాలా ప్రమాదం. మే నెల ఎండలో పార్క్ చేసిన సైకిలు మీద లైటు వదలకండి, వేడికి లిథియం సెల్ త్వరగా పాడవుతుంది. ఉబ్బినట్టు కనిపిస్తే ఇక చార్జింగ్ పెట్టవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. లెన్స్ మీద బురద పేరుకుంటే వెలుగు బాగా తగ్గిపోతుంది, వారానికోసారి తడిగుడ్డతో తుడవండి.

మూడు వందల లోపు ఏం చేయవచ్చు

మన ఊళ్లలో రాత్రిపూట సైకిలు తొక్కేవాళ్లలో ఎక్కువమందికి వేల రూపాయల లైటు కొనే స్తోమత లేదు. మీ అపార్టుమెంటు వాచ్‌మన్, పేపరు వేసే కుర్రాడు, హోటల్లో పనిచేసే అన్న ఏ లైటూ లేకుండానే వెళ్తున్నారు. వాళ్లకు ఇవ్వడానికైనా, తక్కువలో కొనుక్కోవాలన్నా ఇలా చేయండి. పెన్సిల్ సెల్స్‌తో నడిచే చిన్న ఎర్ర లైటు ఒకటి తీసుకోండి. ఆ సెల్స్ ప్రతి కిరాణా కొట్టులో దొరుకుతాయి, చార్జింగ్ పెట్టే అవసరం ఉండదు. మెరిసే మోడ్‌లో ఒక జత చాలా రోజులు వస్తుంది. మిగిలిన డబ్బుతో రేడియం ముక్కలు కోయించి పెడల్స్‌కు, వెనక మడ్‌గార్డుకు, ఫోర్కుకు అంటించండి. డబ్బు ఇంకా మిగిలితే చిన్న తెల్ల లైటు. వెనక లైటును మీరే దగ్గరుండి బిగించి, స్విచ్ ఎలా నొక్కాలో, సెల్స్ ఎలా మార్చాలో చూపించండి.